‘ప్రతులు: 500’ – సొంతంగా నవల వేసుకునేవాళ్ల లెక్క

తెలుగు నవల ఏదైనా చేతికి దొరికితే, కథలోకి దిగేముందు టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడండి. సన్నటి అక్షరాల్లో కొన్ని వివరాలు ఉంటాయి. ప్రథమ ముద్రణ ఫలానా నెల. ప్రతులు: 500. వెల: రూ. 200. ముఖచిత్రం ఒకరు, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) ఇంకొకరు. ప్రచురణ అన్నచోట రచయిత తల్లి పేరో, కూతురి పేరో, సొంత ఊరి పేరో పెట్టి పక్కన ‘పబ్లికేషన్స్’ అని తగిలించి ఉంటుంది. ఆ పబ్లికేషన్స్ వాళ్లు ఇంకేం వేశారా అని వెతికితే అదే రచయిత పుస్తకాలు ఒకటో రెండో తగులుతాయి. కింద ‘ప్రతులకు’ అని ఇంటి అడ్రసు, సెల్ నంబరు, ఆ తర్వాత ‘మరియు అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు’.

ఇలాంటి పేజీ కనబడిందంటే ఆ నవల రచయిత చేతి డబ్బుతో అచ్చయిందని అర్థం. తెలుగులో ఇవాళ నవల రాసేవాళ్లు చాలామంది ఈ దారినే పోతున్నారు. పేరున్నవాళ్లూ ఉన్నారు, మొదటి నవల రాసినవాళ్లూ ఉన్నారు. పబ్లిషరు కాదన్నాడు కాబట్టి సొంతంగా వేసుకున్నారు అనుకోవడం చాలాసార్లు పొరపాటు. అడగడానికి పబ్లిషరే లేకపోతే కాదనేది ఎవరు?

కొత్తగా ఇందులోకి దిగేవాళ్లు మొదట అడిగేది ‘ఎక్కడ అచ్చేయించాలి’ అని. అచ్చు ఇప్పుడు పెద్ద పని కాదు. పీడీఎఫ్ పంపితే రెండు మూడు వారాల్లో కట్టలు ఇంటికి వస్తాయి. చిక్కంతా ‘ప్రతులు’ అన్న మాట పక్కన వేసే అంకెలో ఉంది. వెల ఎంత పెట్టాలి, ఏ కాగితం వాడాలి, షాపుకి ఎంత వదులుకోవాలి, పోస్టుకి ఎంతవుతుంది, మిగిలినవి ఇంట్లో ఎక్కడ పెట్టాలి... ఇవన్నీ ఆ ఒక్క అంకెతో ముడిపడ్డవే.

గొలుసు ఎక్కడ తెగింది

రచయితే ప్రచురణకర్త కావడం కొత్త సంగతేం కాదు. కందుకూరి వీరేశలింగం తన పత్రిక వివేకవర్ధనిలోనే రాజశేఖర చరిత్రను విడతలుగా వేసుకుని, 1880లో పుస్తకంగా తెచ్చారు. మధ్యలో కొన్ని దశాబ్దాలు మాత్రం నవలా రచయితకు ఆ అవసరం పడలేదు. వారపత్రిక సీరియల్‌గా తీసుకునేది, దానికి పారితోషికం ఇచ్చేది. సీరియల్ ముగిసేలోపే విజయవాడ పబ్లిషరు ఒకరు పుస్తకం హక్కులకు బేరం పెట్టేవారు. అచ్చయిన కాపీల్లో పెద్ద వాటా అద్దె లైబ్రరీలకు, ఇంకో వాటా జిల్లా గ్రంథాలయాలకు పోయేది. పాఠకుడు నవల కొనకపోయినా ఆ బండి నడిచేది, ఎందుకంటే అద్దెకిచ్చేవాడు కొనేవాడు.

టీవీ సీరియళ్లు వచ్చి అద్దె లైబ్రరీలు మూతబడటంతో ఆ గొలుసులో మొదటి లంకె తెగింది. తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నెలకో నవల వేసిన చతుర లేదు. 2020 లాక్‌డౌన్ దెబ్బకు నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు పోయాయి. అలా సీరియల్ డబ్బు, అద్దె లైబ్రరీ ఆర్డరు రెండూ లేకుండా పోయాక, పబ్లిషరు ఒక కొత్త నవల మీద సొంత డబ్బు పెట్టడానికి వెనకాడటంలో ఆశ్చర్యం ఏముంది? పోటీ పరీక్షల పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం, అనువాదాలు ఉండగా నవల మీద రిస్కు తీసుకునే ఓపిక అందరికీ ఉండదు. ఈ మధ్య నవలల మీద నిజంగా మనసు పెట్టే చిన్న ప్రచురణ సంస్థలు కొన్ని వచ్చాయి. వాళ్ల దగ్గర క్యూ పొడుగు. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు పెట్టిన నవలల పోటీలూ కొందరిని గట్టెక్కించాయి. మిగతావాళ్లకి సొంత జేబే దిక్కు.

అన్నీ ఒకటి కావు

‘సొంతంగా వేసుకున్నాను’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. తేడా తెలియక కొత్తవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

మొదటిది అచ్చమైన సొంత ప్రచురణ. డీటీపీ చేసేవారిని, బొమ్మ వేసేవారిని, ప్రెస్సును మీరే కుదుర్చుకుంటారు, కాపీలన్నీ మీవే. రెండోది, డబ్బు మీది, లోగో ఇంకొకరిది. పేరున్న సంస్థ తన ముద్ర వేసి, అచ్చు వేయించి, కొన్ని కాపీలు మీకిచ్చి, కొన్ని తన దగ్గర అమ్మకానికి ఉంచుకుంటుంది. ఇందులో తప్పేం లేదు, ఒప్పందం కాగితం మీద ఉన్నంతవరకు. చాలాసార్లు ఉండదు. ‘మనం మనం చూసుకుందాం లెండి’ దగ్గరే ఆగుతుంది. రెండేళ్ల తర్వాత ఎన్ని అమ్ముడుపోయాయో అడగాలంటే మీకే మొహమాటం. మూడోది ప్యాకేజీ సంస్థలు. ఇన్ని వేలు కడితే అట్ట, లేఅవుట్, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు), ఆన్‌లైన్ అమ్మకం అన్నీ మేం చూస్తామంటాయి. ఆర్డరు వచ్చినప్పుడే ఒక కాపీ అచ్చువేసే పద్ధతి వీటిలో ఎక్కువ.

ఏ దారైనా సంతకం పెట్టే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. హక్కులు ఎవరివి? అమ్ముడుపోని కాపీలు ఎవరివి? లేఅవుట్ చేసిన అసలు ఫైలు మీకిస్తారా, ఒట్టి పీడీఎఫ్ ఇస్తారా? మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రెండో ముద్రణ నాటికి అదే పెద్దదవుతుంది. నాలుగు అచ్చుతప్పులు దిద్దాలన్నా అసలు ఫైలు లేకపోతే డీటీపీ మళ్లీ మొదటినుంచీ.

ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు. ప్యాకేజీలో వచ్చిన నంబరు ఆ సంస్థ పేరు మీద ఉంటుందని, రేపు ఇంకోచోట వేయిస్తే కొత్త నంబరు కావాల్సి వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకోదలిస్తే సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు.

ఫారం, ప్లేటు, కాగితం

ఇక అసలు లెక్క. ఆఫ్‌సెట్ అచ్చులో, అంటే పేజీలను ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చువేసే పద్ధతిలో, పుస్తకం పేజీల్లో కాక ఫారాల్లో నడుస్తుంది. డెమ్మీ సైజులో, అంటే మన నవలలు మామూలుగా వచ్చే సైజులో, 16 పేజీలు ఒక ఫారం. 208 పేజీల నవల అంటే సరిగ్గా 13 ఫారాలు. 212 పేజీలైతే ఆ నాలుగు పేజీల కోసం విడిగా ఒక ముక్క నడపాలి, దానికి మళ్లీ ప్లేటు, మళ్లీ మెషిన్ ఖర్చు. తెలుగు నవలల్లో ఆ నాలుగు పేజీలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పక్కర్లేదు. ముందుమాటలు! ఒకరు రాస్తే ఇంకొకరు నొచ్చుకుంటారని ముగ్గురి చేత రాయిస్తాం. ఆ తర్వాత ‘నా మాట’, ఆపైన కృతజ్ఞతలు. కథ పదిహేడో పేజీలో మొదలవుతుంది. నన్నడిగితే ఒక్క ముందుమాట చాలు, అది లేకపోయినా నవలకి వచ్చే లోటు లేదు.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకి, మెషిన్ సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు 200 కాపీలకైనా 2,000 కాపీలకైనా ఒకటే. కాపీలు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పలచబడి ఒక్కో పుస్తకం చవకవుతుంది. డిజిటల్ అచ్చులో ప్లేట్లు ఉండవు, కాబట్టి యాభై కాపీలు వేసినా వంద వేసినా కాపీకి దాదాపు అదే ధర. కొద్ది కాపీలకు డిజిటల్, కొన్ని వందలు దాటితే ఆఫ్‌సెట్. ఎక్కడ దాటుతుందన్నది ప్రెస్సును బట్టి మారుతుంది, రెండు రేట్లూ అడిగి చూసుకోవాల్సిందే.

లెక్క కోసం ఒక నవల అనుకుందాం. 208 పేజీలు, 500 కాపీలు. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగ్, రవాణా అన్నీ కలిపి 50,000 రూపాయలు. కాపీకి వంద. వెల 200 పెట్టాం. చూడ్డానికి సగానికి సగం లాభం.

షాపు వాళ్లకి 40 శాతం కమీషన్ ఇవ్వాలి. కాబట్టి షాపులో పోయిన కాపీకి మీకొచ్చేది 120. ఇక ఉచితంగా పోయేవి చూడండి. సమీక్షకు పత్రికకి రెండేసి కాపీలు. ముందుమాట రాసినవారికి, బొమ్మ వేసినవారికి, ఆవిష్కరణ సభలో వేదిక మీద కూర్చున్నవారికి. ‘ఏరా, నవల వేశావట, నాకు కాపీ ఏదీ?’ అనే బాబాయిలకి, మేనత్తలకి. చట్టం ప్రకారం ఇంకో నాలుగు ఉన్నాయి. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం కింద కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకి, ముంబయిలో, ఢిల్లీలో ఉన్న మరో రెండు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ 30 రోజుల్లోగా మన ఖర్చుతో పంపాలి. ఈ సంగతి చాలామంది రచయితలకు తెలియదు, తెలిసినా పంపరు. పంపితే మాత్రం మీ నవల దేశపు గ్రంథసూచికి ఎక్కే దారి దొరుకుతుంది.

ఇవన్నీ కలిపి 60 అనుకుంటే అమ్మకానికి 440 మిగిలాయి. అన్నీ షాపుల్లోనే అమ్ముడుపోయి, డబ్బంతా వసూలైతే 52,800. ఏళ్లతరబడి రాసిన నవలకి మిగులు 2,800 రూపాయలు. అదే సగం కాపీలు మీరే నేరుగా పాఠకులకు అమ్మారనుకోండి, పోస్టుకీ ప్యాకింగుకీ ముప్పై పోగా కాపీకి 170 చేతికొస్తుంది. అప్పుడు మొత్తం 63,800. పెట్టుబడి వెనక్కి రావాలంటే షాపుల ద్వారా అయితే 417 కాపీలు పోవాలి, నేరుగా అయితే 295 చాలు. ఫేస్‌బుక్‌లో ‘కావలసినవారు ఈ నంబరుకి ఫోన్‌పే చేసి, అడ్రసు వాట్సాప్ చేయండి’ అని రచయితలు ఎందుకు అంత పట్టుగా పోస్టులు పెడుతుంటారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇక్కడే ప్రెస్సులో ఒక మాట వినబడుతుంది. ‘సార్, ఇంకో ఇరవై వేలు వేసుకుంటే వెయ్యి కాపీలు వస్తాయి, కాపీ డెబ్భైకే పడుతుంది.’ మాట నిజమే, మోసం ఏమీ లేదు. మనసు లాగుతుంది కూడా. కానీ కొనేవాళ్లు అదే 440 మంది అయితే? పెట్టుబడి 70,000, వచ్చింది 63,800. చేతినుంచి 6,200 పోయి, 500 కాపీలు మంచం కింద చేరతాయి. చవకగా పడిందని ఎక్కువ వేసుకోవడం తెలుగు రచయితలు అందరికంటే ఎక్కువగా చేసే ఖరీదైన పని. వానాకాలం తేమకి ఆ కట్టల అడుగు పుస్తకాలు వంకర తిరుగుతాయి. తర్వాత అవి శాలువాతో పాటు ఇచ్చే కానుకలవుతాయి.

పుస్తకం మీద జీఎస్టీ లేదు కదా అని కొందరు ఊరట పడతారు. అచ్చయిన పుస్తకం మీద లేదు, కాగితం మీద ఉంది. 2025 సెప్టెంబరులో అచ్చు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పుస్తకానికి పన్ను మినహాయింపు ఉన్నందువల్లే కాగితం మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు లేదు. అది చివరికి కాపీ ధరలోనే కలుస్తుంది.

షాపు, పోస్టాఫీసు

షాపులు కాపీలు కొనుక్కోవు, పెట్టుకుంటాయి. అమ్మితే డబ్బు, లేకపోతే వాపసు. పాతిక కాపీలు ఇచ్చి రసీదు తీసుకుంటారు, అక్కడితో మీ చేతిలో ఏమీ ఉండదు. ఆరు నెలలకు ఫోన్ చేస్తే ‘లెక్క చూసి చెప్తాం’. వాళ్ల ఇబ్బంది వాళ్లకుంది. వందల మంది రచయితల పాతికలు, ముప్పైలు లెక్క పెట్టడం ఒకరిద్దరు మనుషులతో నడిచే షాపుకి మామూలు పని కాదు. నేనొక ఊళ్లో షాపుకి పంపిన కట్ట తాలూకు డబ్బు ఇంతవరకు రాలేదు. ఆ షాపు చేతులు మారింది, రసీదు మీద సంతకం ఎవరిదో కొత్తవాళ్లకు తెలియదు. అందుకని ఇప్పుడు నేను పాటించేదేమిటంటే, తక్కువ షాపులకి, తక్కువ కాపీలు. అవి అయిపోయాయని తెలిశాకే మళ్లీ పంపడం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నమ్మకమైన రెండు మూడు చోట్ల ఉంటే చాలు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రెండు చోట్ల నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక స్టాలు తీసుకోవడం ఈమధ్య బాగా నడుస్తోంది. ఆ రోజుల్లో పోయిన కాపీలకు డబ్బు అప్పటికప్పుడే వస్తుంది. పాఠకుడి మొహం కూడా కనిపిస్తుంది. అందుకే పుస్తకం తెచ్చేవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో ప్రెస్సుల చుట్టూ తిరుగుతారు. ఆ సీజన్లో తొందరపడిన ప్రూఫుల్లో తప్పులు మిగలడం కూడా మామూలే.

నేరుగా అమ్మకం అంతా పోస్టాఫీసు మీద ఆధారపడింది. తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఉన్నన్నాళ్లూ రచయితలకు, చిన్న పత్రికలకు అది ప్రాణవాయువు. 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని ఉన్నట్టుండి ఎత్తేసింది. రెండు వందల నవలకి కొరియర్ ఖర్చు వెలలో మూడో వంతుకు చేరిన నెలలవి. ఆ తర్వాత 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అక్కడినుంచి మెట్లుమెట్లుగా పెరిగి 5 కేజీలకు 100. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకు అని నియమం. నవల ఇందులో ఏ గదిలోకి వస్తుందని కౌంటర్లో ఎవరైనా అడిగితే ‘సాంస్కృతికం’ అనేయండి. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రించినవారి పేరో ఉండాలి. మీ అమ్మగారి పేరు మీద పెట్టిన పబ్లికేషన్స్ ఇక్కడ అక్కరకొస్తుంది.

ఆ 300 గ్రాముల మెట్టు వల్ల కాగితం లెక్క కూడా మారిపోయింది. 208 పేజీల డెమ్మీ నవల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) కాగితం మీద అట్టతో కలిపి 240 గ్రాముల దాకా తూగుతుంది. కవరు, లోపల అట్టముక్క కలిపినా మెట్టు దాటదు. అదే 250 పేజీలైతే పుస్తకమే 280కి చేరుతుంది, ప్యాకింగుతో దాటిపోతుంది. కాబట్టి లేఅవుట్ చేయించేటప్పుడే పాత కవర్లో ఒక డమ్మీ పెట్టి తూకం వేయించుకోవడం మంచిది. 60 జీఎస్ఎంకి దిగితే బరువు తగ్గుతుంది గానీ వెనకపేజీ అక్షరాలు కనబడతాయి.

విదేశాల్లో ఉన్న పాఠకులది వేరే కథ. ఇక్కడినుంచి ఒక నవల అమెరికాకు పంపాలంటే పోస్టు ఖర్చు పుస్తకం వెలను మింగేస్తుంది. వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల సూట్‌కేసులే మన అంతర్జాతీయ పంపిణీ వ్యవస్థ. ఆవకాయ సీసాకి, నవల కట్టకి మధ్య బరువు తగాదా వస్తే ఏది గెలుస్తుందో అందరికీ తెలుసు.

గ్రంథాలయాల మాట ఎత్తకుండా ఉండలేం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ దగ్గర బకాయిలు పేరుకుపోతాయి, పుస్తకాల కొనుగోలు ఏళ్లకేళ్లు ఆగుతుంది. ఎంపికైతే మంచి ఆర్డరే. కానీ దాన్ని నమ్ముకుని కాపీల సంఖ్య పెంచడం మాత్రం వద్దు. వస్తే అప్పుడు వేయించుకోవచ్చు.

అను నుంచి యూనికోడ్ దాకా

ఇక్కడ చాలామంది రచయితలకు కళ్లు తిరుగుతాయి, అయినా తెలుసుకోక తప్పదు. తెలుగు డీటీపీ చాలాకాలంగా అను ఫాంట్ల మీద నడుస్తోంది. అక్షరాల అందం బాగుంటుంది, ప్రెస్సుల్లో అందరికీ చెయ్యి తిరిగినది. చిక్కేమిటంటే ఆ ఫైల్లో నిజంగా ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన బొమ్మ. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. పీడీఎఫ్‌లో మీ పాత్ర పేరు వెతికితే దొరకదు. ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు పక్క అక్షరానికి అంటుకోవడం, ఒకచోట దీర్ఘం ఎగిరిపోవడం, అరసున్నలు, కొటేషన్ గుర్తులు ఇంకేదో అయిపోవడం తప్పవు. అంటే మార్చిన తర్వాత నవలంతా మళ్లీ ప్రూఫు చదవాలి.

ఇప్పుడు రాసేవాళ్లు ఎలాగూ ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లోనే రాస్తున్నారు. దాన్ని డీటీపీ వాళ్లు అనులోకి మారుస్తారు, పుస్తకం అయ్యాక ఈబుక్ కోసం మళ్లీ యూనికోడ్‌లోకి. రెండుసార్లు తప్పులు పడే ఈ తంతు అనవసరం. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకుంటే యూనికోడ్ తెలుగు వత్తులతో సహా సరిగ్గా కూర్చుంటుంది. పెట్టకపోతే ‘క్ష’ కాస్తా క, పొల్లు, ష అని మూడు ముక్కలై కూర్చుంటుంది. మండలి, సురవరం, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మండలి లోపలి పేజీలకు చక్కగా పనికొస్తుంది. డీటీపీ కుదుర్చుకునేటప్పుడే ‘యూనికోడ్‌లో చేస్తారా’ అని అడగండి. కాస్త ఎక్కువ తీసుకున్నా ఫరవాలేదు.

ఈబుక్ అనగానే అందరూ కిండిల్ అంటారు. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు ఆ జాబితాలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్లు కొందరు పేజీలను బొమ్మల్లా మార్చి ఎక్కించారు. అలా చేస్తే చదివేవాళ్లు అక్షరం సైజు పెంచుకోలేరు, ఫోన్లో కళ్లు లాగుతాయి. 2010లో మొదలైన కినిగె అనే ఈబుక్‌ల సైటు మాత్రం తెలుగు ఈబుక్ కొనే అలవాటు కొంతమందికైనా నేర్పింది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో పాఠకులు వేలల్లో ఉన్నారు, కానీ అక్కడి లయ వేరు. రోజుకో భాగం, భాగం చివర ఉత్కంఠ, కింద వెంటనే రేటింగులు, కామెంట్లు. పాత వారపత్రిక సీరియల్ అక్కడ ఇంకో అవతారం ఎత్తిందనుకోవచ్చు. అక్కడ పండిన నవలను అలాగే అచ్చేస్తే పుస్తకంగా కుదరదు, భాగాల చివర కొక్కేలన్నీ తీసేసి తిరగరాయాలి. యాప్‌లో చదివినవాళ్లు పుస్తకం కొంటారన్న లెక్క కూడా అంత నమ్మదగింది కాదు.

అందరూ వదిలేసే ఖర్చు

కాగితానికి, అట్టకి, ఆవిష్కరణ సభకి ఖర్చు పెట్టే రచయిత ఎడిటింగ్ దగ్గర చెయ్యి ముడుచుకుంటాడు. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు కలిపి సభకు అయ్యే డబ్బుతో నవలను ఒక మంచి ఎడిటర్ చేత చదివించవచ్చు. అలాంటివాళ్లు తెలుగులో తక్కువే గానీ లేకపోలేదు. మనకు ప్రూఫు చూడటమే ఎడిటింగ్ అన్న అభిప్రాయం బలంగా ఉంది. ప్రూఫు చూసేవారు ‘ళ’కీ ‘ల’కీ తేడా పట్టుకుంటారు. మూడో అధ్యాయంలో ముప్పై ఏళ్లున్న సుజాతకి పదకొండో అధ్యాయంలో నలభై ఎలా వచ్చాయని అడగరు. ఆ ప్రేమకథ నలభై పేజీలు ఎక్కువైందని అసలే అనరు. ఆ నలభై పేజీలు తీసేస్తే రెండున్నర ఫారాలు తగ్గుతాయి, పోస్టు మెట్టు కూడా దిగొచ్చు. అంటే ఎడిటర్ ఫీజులో కొంత అక్కడే తిరిగొస్తుంది.

పబ్లిషరు ఉన్న రోజుల్లో ఈ మాటలు చెప్పడానికి పత్రిక సంపాదకుడు ఉండేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్లను మనమే వెతుక్కోవాలి, చెప్పించుకోవడానికి డబ్బూ మనమే ఇవ్వాలి. స్నేహితులకు పంపితే ‘చాలా బాగుంది’ అంటారు. కొందరు నిజంగానే చదివి అంటారు.

ఇన్ని పనుల మధ్య రాయడానికి టైం ఎప్పుడన్నది సబబైన ప్రశ్న. నవల వచ్చిన మొదటి ఆరు నెలలు రాత సాగదు, ఒప్పేసుకోవాలి. పొద్దున్న అడ్రసులు రాయడం, మధ్యాహ్నం పోస్టాఫీసు లైను, సాయంత్రం ‘అందింది’ అని వచ్చిన మెసేజీలకు జవాబులు. మరీ అలసట అనిపించదు, ఎందుకంటే పుస్తకం మీద ఫోన్ నంబరు ఉండటం వల్ల పాఠకులు నేరుగా మాట్లాడతారు. పెద్దాపురం నుంచో సిరిసిల్ల నుంచో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఫలానా పాత్రను అలా ఎందుకు చంపేశారని నిలదీసేవాళ్లుంటారు. ఆడ రచయితలకు మాత్రం ఆ నంబరు వల్ల వచ్చే టెన్షన్ వేరు. అందుకే చాలామంది ఇప్పుడు వాట్సాప్ కోసం విడిగా ఒక సిమ్ము తీసుకుంటున్నారు, మంచి పద్ధతి.

ముందస్తు ఆర్డర్లు తీసుకోవడం కాపీల లెక్కను బాగా తేలిక చేస్తుంది. అట్ట బొమ్మ పెట్టి, అచ్చుకి పంపే నెల ముందు వెల తగ్గించి అడిగితే, ఎంతమంది నిజంగా డబ్బు కట్టారో తెలుస్తుంది. లైకులు లెక్కలోకి రావు. కట్టినవాళ్లకు రెండింతలు, దానికి ఉచిత కాపీలు కలిపి వేయించుకోవడం నా లెక్క. వంద మంది కడితే 260, అంతే. మొదటి నవలకి అది చిన్నతనంగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ఆ కాపీలు అయిపోతే మళ్లీ డిజిటల్‌లో వంద వేయించుకోవచ్చు. కాపీ 130కి పడిందనుకుంటే పాత వెల 200తో షాపుకి ఇవ్వలేం, వాళ్ల దగ్గరినుంచి వచ్చేది 120 మాత్రమే. 250 చేస్తే 150 వస్తుంది, ఇరవై మిగులుతుంది. వెల మార్చడానికి అట్ట ఫైలు, తప్పులు దిద్దడానికి లోపలి ఫైలు దగ్గర ఉండాలి. అన్నింటికంటే ముందు షాపులన్నింటికీ ఒకసారి ఫోన్ చేసి మిగిలిన కాపీలు వెనక్కి తెప్పించుకోండి. కాపీలు లేవని మీరు అందరికీ చెప్తున్న నవల ఏదో ఒక షాపు వెనక గదిలో కట్ట విప్పకుండా ముప్పై ఉండొచ్చు.